ఫ్యాన్లు చాలు, కంచాలు ఇవ్వండి

ప్రపంచ పర్యావరణ దినం జూన్ 5కి దగ్గర్లో వచ్చే ఆదివారం మా గుంటూరు వైపు చాలా చర్చిల్లో పర్యావరణం మీద ప్రసంగం ఉంటుంది. ఏదెను తోటను సాగు చేయమనీ కాపాడమనీ దేవుడు మనిషికి అప్పగించిన మాట చదువుతారు. సండే స్కూల్ పిల్లలతో ఆవరణలో వేప మొక్క నాటిస్తారు. పోయినేడు నాటిన మొక్క ఏమైందని మాత్రం అడగకూడదు. ఆరాధన అయ్యాక ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనం. షామియానా కింద బల్ల మీద వెండి రంగు పేపర్ ప్లేట్ల కట్టలు, పక్కన ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్ల మూట.

ఇది చూసి కపటం అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. ప్రసంగం చెప్పిన అయ్యగారికి ఆ ప్లేట్ల సంగతే తెలియదు. శనివారం సాయంత్రం వంట సరుకులన్నీ వచ్చాయో లేదో చూసుకుంటూ ఉండగా, ప్లేట్లు మర్చిపోయామని ఎవరికో గుర్తొస్తుంది. యూత్‌లో బండి ఉన్న కుర్రాణ్ణి డిస్పోజబుల్ షాపుకి తోలతారు. షాపాయన చేతికి ఏది అందితే అది కట్టి ఇస్తాడు. కుర్రాడు బిల్లు తెచ్చి ట్రెజరర్ చేతిలో పెడతాడు. అది లెక్కల పుస్తకంలో ‘విందు ఖర్చులు, ఇతరములు’ కింద చేరిపోతుంది. మైకు సెట్టు రిపేరుకి అంతెందుకైందని అరగంట వాదించుకునే సంఘం ఆ ‘ఇతరములు’ దగ్గర ఒక్క ప్రశ్న అడగదు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఈ విషయంలో మన చర్చిలకి ఇంకో ప్రసంగం అక్కర్లేదు. ఎవరు కొంటున్నారు, ఎప్పుడు కొంటున్నారు, ఎవరి దగ్గర కొంటున్నారు అన్నది కమిటీ కూర్చుని తేల్చుకుంటే సగం పని అయిపోతుంది. మిగతా సగం అంత సులువు కాదు, దాని గురించి తర్వాత చెప్తాను.

2022 జూలై 1 నుంచి దేశమంతా కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకు మీద నిషేధం ఉంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ జెండాలు, బెలూన్లకి కట్టే పుల్లలు, 100 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ బ్యానర్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆ జాబితా చదివితే మన క్రిస్మస్ బిల్లులు ముందు పెట్టుకుని రాశారేమో అనిపిస్తుంది. నిషేధం వచ్చి ఇన్నేళ్ళయినా సరుకు దొరుకుతూనే ఉంది. షాపాయన కాస్త లోపలికి పెట్టి అమ్ముతాడు, అంతే తేడా.

ఇక జాగ్రత్త తెలిసిన సంఘాలు పేపర్‌కి మారాయి. ఇక్కడ ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. టీ తాగే పేపర్ గ్లాసు ఒకటి రాత్రంతా నీళ్ళలో నానేసి పొద్దున్నే చింపండి. కాగితం పిప్పిలా విడిపోతుంది. లోపల నుంచి పల్చటి పొర ఒకటి గ్లాసు ఆకారంలోనే ఊడి చేతికొస్తుంది. అది ప్లాస్టిక్. అది లేకపోతే కాగితం టీని ఆపలేదు. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో వేడి ద్రవం 15 నిమిషాలు ఉంచి చూస్తే, 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు దిగాయని తేలింది. వెండి రంగు ప్లేటు కథ కూడా ఇంతే, పైనున్న ఆ మెరుపంతా ప్లాస్టిక్ పొరే. అట్టపెట్టె మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, ‘ఎకో ఫ్రెండ్లీ’ అన్న అక్షరాలు చూసి మోసపోకూడదు. ఆ బొమ్మ అచ్చు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ సరుకంతా ఎక్కడికి పోతుందో చూడాలంటే విందు రోజు మధ్యాహ్నం మూడు దాటాక చర్చి వెనక్కి వెళ్ళాలి. ఆదివారం పంచాయతీ బండి రాదు. సాంబారు అంటిన ప్లేట్లని కుక్కలు ఈడ్చుకుపోతుంటాయి. రేపటికి వాసన వస్తుందని వాచ్‌మన్ అన్నీ ఒక మూలకి ఊడ్చి అగ్గిపుల్ల గీస్తాడు. థర్మోకోల్ ఉంటే వెంటనే తెలిసిపోతుంది. అది ముందు మంటకి ముడుచుకుపోతుంది, తర్వాత బొట్లుబొట్లుగా కరుగుతుంది, నల్లటి మసి దారాల్లా లేచి గాల్లో తేలుతూ వస్తుంది. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం, ఉన్న ఆదివారం కట్టుకున్న తెల్లచీర మీద వాలితే ఉతికినా పోదు. ఆ పొగ మొదట పీల్చేది వాచ్‌మన్. అతను కూడా మన సంఘస్థుడే. ప్రార్థన అవసరతల్లో అతని దగ్గు గురించి కూడా ప్రార్థిస్తాం.

స్టీలు కంచాలు వాడొచ్చు కదా అని ఎవరైనా అనేస్తారు. ఆ మాట అనేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. రెండొందల కంచాలు ఒక్క మధ్యాహ్నం కూర్చుని తోమినవాళ్ళకి డిస్పోజబుల్ ప్లేటు ఎందుకంత ప్రాణం పోసిందో తెలుసు. మా స్త్రీల సమాజంలో పెద్దావిడలు ఇప్పటికీ చెప్తారు. క్రిస్మస్ రోజు మిగతావాళ్ళంతా కొత్త బట్టల్లో ఫొటోలు దిగుతుంటే, వాళ్ళు బోరింగు దగ్గర చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని బూడిద పట్టుకుని కూర్చునేవాళ్ళట. పేపర్ ప్లేట్లు వచ్చిన ఏడాది వాళ్ళు మొదటిసారి పండగ పండగలా చేసుకున్నారు. పర్యావరణం పేరు చెప్పి ఆ పనిని మళ్ళీ వాళ్ళ నెత్తినే పెట్టే ఏ ప్రతిపాదనకైనా నేను వ్యతిరేకం. ముందు తోమేదెవరో తేలాలి, కంచాల సంగతి ఆ తర్వాత.

పట్టణాల్లో కొందరు ఇంకో దారి చెప్తారు. ఎవరి కంచం, గ్లాసు వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి, తిన్నాక తీసుకుపోవాలి. వినడానికి బాగుంది. ఖర్చు లేదు, తోమే పని లేదు. మా యూత్ మీటింగులో ఒక అమ్మాయి ఇదే ప్రతిపాదించింది. అక్కడే కూర్చున్న ఒక పెద్దాయన మొహం మారిపోయింది. “ఊళ్ళో పెళ్ళికి పిలిచి మీ గిన్నెలు మీరు తెచ్చుకోండిరా అనేవాళ్ళమ్మా మమ్మల్ని. దూరంగా కూర్చోబెట్టి పైనుంచి వడ్డించేవాళ్ళు. ఇప్పుడు గుళ్ళోకి కూడా కంచం పట్టుకుని రమ్మంటావా?” అన్నాడాయన. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తోచలేదు. మాక్కూడా తోచలేదు.

తెలుగునాట చర్చిల్లో ఎక్కువ భాగం దళితుల చర్చిలు. టీ బడ్డీ దగ్గర రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. అలాంటి చోట తాగి పారేసే గ్లాసు వచ్చినప్పుడు ఎవరి గ్లాసు ఎవరు కడగాలన్న ప్రశ్నే లేకుండా పోయింది. కొందరికి అది నిజంగా ఊరట. అంటరానితనం మాత్రం పోలేదు, గ్లాసుల్లో కనపడకుండా పోయింది, అంతే. అందుకే కంచం గురించి మాట్లాడేటప్పుడు బెంగళూరు అపార్ట్‌మెంటులో పనికొచ్చిన సలహాని తెచ్చి ఇక్కడ అతికించలేం. నా ఉద్దేశంలో చర్చికి కావాల్సింది సంఘం సొంత కంచాలు. అందరికీ ఒకే రకం, ఒకే సైజు. ఎవరు కడిగిన కంచంలో ఎవరైనా తినాలి. అయ్యగారికి, బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడికి, ఎమ్మెల్యే వస్తే ఎమ్మెల్యేకీ అవే. ఇప్పుడు చాలాచోట్ల అతిథులకి లోపల గదిలో పింగాణీ ప్లేట్లు, మినరల్ వాటర్ సీసాలు, బయట జనానికి పేపర్ ప్లేట్లు. అది ఏ పర్యావరణ లెక్కలో చూసినా, ఏ సువార్త లెక్కలో చూసినా తప్పే.

డబ్బెక్కడిది? మీ మందిరంలో తల ఎత్తి చూడండి. ప్రతి ఫ్యాన్ రెక్క మీదా ఒక పేరుంటుంది. ఫలానా వారి జ్ఞాపకార్థం, కుమారులు, కుమార్తెలు. గోడ గడియారం మీద పేరు, బీరువా మీద పేరు, ప్లాస్టిక్ కుర్చీల వీపు మీద పేరు. చిన్న మందిరంలో కూడా గాలికి అవసరమైనదానికంటే ఎక్కువ ఫ్యాన్లు ఉంటాయి, ఎందుకంటే ఇవ్వాలనుకున్నవాళ్ళకి ఇంకేం ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. మనవాళ్ళకి స్టీలు సామాను మీద పేరు చెక్కించుకోవడం కొత్త కాదు. పెళ్ళికి ఇచ్చిన బిందె మీద, పుట్టినరోజుకి పంచిన గిన్నె మీద పేర్లున్నాయి. ఆ పేర్లు చెక్కే షాపులోనే పాతిక కంచాల మీద అమ్మ పేరు చెక్కించి ఇవ్వమని అడగండి. సంవత్సరీకం కూడికకి వచ్చిన కుటుంబాన్ని కమిటీ ఒక్క మాట అడిగితే కాదనరు. పైగా ఫ్యాన్ మీద పేరు తిరిగేటప్పుడు కనిపించదు. కంచం మీద పేరు తిన్న ప్రతిసారీ కనిపిస్తుంది.

లెక్క కూడా నిజాయితీగా వేసుకుందాం. ప్లేటు, గ్లాసు, పెరుగు కప్పు కలిపి మనిషికి ఆరు రూపాయలనుకుంటే రెండొందల మందికి ప్రతి నెలా 1,200. ఏడాదికి 14,400. స్టీలు కంచం, గ్లాసు కలిపి 150 పడితే రెండొందల జతలకి 30,000. చూడగానే రెండేళ్ళలో డబ్బు తిరిగొస్తుంది అనిపిస్తుంది. కానీ తోమడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టి చెరో నాలుగొందలు ఇచ్చి, సబ్బు, పీచు కొంటే నెలకి 900 పోతాయి. మిగిలేది మూడొందలే. ఆ లెక్కన పెట్టుబడి రావడానికి ఎనిమిదేళ్ళు పైనే పడుతుంది. అంటే స్టీలు వల్ల డబ్బు మిగులుతుందని కమిటీని ఒప్పించబోతే మొదటి ఏడాదే అబద్ధమని తేలిపోతుంది. తేడా ఏమిటంటే, షాపుకి పోయి చివరికి పొగైపోయే డబ్బు ఇక్కడ ఊళ్ళోనే ఇద్దరి చేతికి కూలిగా వెళ్తుంది. కంచాలు జ్ఞాపకార్థం కింద వస్తే ఆ ఎనిమిదేళ్ళ గొడవ కూడా లేదు. నాకైతే అది చాలు.

కూలి ఇవ్వలేని చిన్న సంఘమైతే తిన్నవాళ్ళు కడుక్కోవాలి. మూడు టబ్బులు వరసగా పెట్టాలి. మొదటిదాంట్లో మెతుకులు దులిపి ముంచడం, రెండోదాంట్లో సబ్బు, మూడోదాంట్లో మంచినీళ్ళు. ఆ టబ్బుల దగ్గర డ్యూటీ యూత్ మగపిల్లలకి వేయండి. అమృతసర్ స్వర్ణ దేవాలయంలో రోజుకి 50,000 మందికి పైగా స్టీలు కంచాల్లోనే తింటున్నారు. వాటిని కడిగేవాళ్ళలో లాయర్లు, డాక్టర్లు, గడ్డం నెరిసిన పెద్దమనుషులు ఉంటారు. వాళ్ళకి అది సేవ. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువుని పూజించే మనకి సెక్రటరీ గారు కంచం కడిగితే నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు.

కంచాలు దాచడానికి బీరువా లేదు, దొంగల భయం అనేవాళ్ళకి టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు, వంటపాత్రలు ఇచ్చినట్టే కంచాలు, గ్లాసులు కూడా అద్దెకిస్తారు. షామియానాకి ఫోన్ చేసినప్పుడే ఇంకో వాక్యం చెప్పాలి, అంతే. నీళ్ళకి ప్యాకెట్లు మానేసి క్యాన్లు, గ్లాసులు పెట్టాలి.

విందు నెలకోసారి. ప్రభువు బల్ల కూడా చాలాచోట్ల నెలకోసారే, కానీ దాని దగ్గర మాట్లాడటం కష్టం. బొటనవేలంత ప్లాస్టిక్ కప్పులు, ఒక్క గుక్క ద్రాక్షరసం, తాగాక కుర్చీ కిందో, పాటల పుస్తకం పక్కనో. ఊడ్చేటప్పుడు చీపురుకి టకటకా తగులుతుంటాయి. అంత చిన్న కప్పుని పాత సామాన్లవాడు కూడా ఏరుకోడు, తూకానికి రాదు. పవిత్రమైన సంస్కారంలో వాడిన వస్తువుని చెత్తకుప్పలో పడేయడానికి నిజానికి మనవాళ్ళకి మనసొప్పదు. అందుకే కొన్ని సంఘాల్లో వాటిని విడిగా కాలుస్తారు. గౌరవంగా కాల్చినా పొగ పొగే.

విడి కప్పు మొదటి నుంచీ ఉన్న ఆచారమేం కాదు. 1890ల దాకా ప్రొటెస్టెంటు సంఘాల్లో కూడా ఒకే పాత్ర చేతులు మారేది. క్షయ లాంటి జబ్బులు సూక్ష్మక్రిముల వల్ల అంటుకుంటాయని తెలిశాక అమెరికాలో విడి కప్పులు మొదలయ్యాయి. పులియని ద్రాక్షరసం కూడా అంతకుముందు 1869లో న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు బల్ల కోసమే తయారుచేసింది. ఇవన్నీ ఆ కాలపు ఆరోగ్య భయాలకి, మద్యపాన వ్యతిరేకతకి సంఘం వెతుక్కున్న సర్దుబాట్లు. మొదటి విడి కప్పులు గాజువి. దశాబ్దాల పాటు కడిగి వాడారు. ప్లాస్టిక్ ఆ తర్వాత వచ్చింది, సిద్ధాంతం కోసం కాదు, కడగడం తప్పుతుందని. కరోనా తర్వాత ఇంకోటి దిగింది. రొట్టె ముక్క, రసం రెండూ ఒకే కప్పులో సీలు వేసి అమ్ముతున్నారు. ప్లాస్టిక్, పైన అల్యూమినియం రేకు, మళ్ళీ ప్లాస్టిక్ పొర. నల్లద్రాక్ష తెచ్చి ఉడికించి వడగట్టే అమ్మగారు ఉన్న ఊళ్ళో కూడా ఈ సీలు కప్పులు ఆర్డరు పెట్టడం చూశాను.

ఇక్కడ నేను అడిగేది కొంచెమే. ఒకే పాత్ర వాడే సంఘాలు దాన్ని వదలకండి. ఒకే గిన్నెలో పెదవి ఆనించడం ఈ దేశంలో ఎంత పెద్ద మాటో మనకంటే బాగా ఎవరికీ తెలియదు. జబ్బు భయం ఉంటే రొట్టెని రసంలో ముంచి ఇచ్చే పద్ధతి ఉంది. విడి కప్పులే కావాలంటే గాజువో స్టీలువో కొనండి. వేడినీళ్ళలో మరిగించి ట్రేలో బోర్లిస్తే పావుగంట పని. ఆ పావుగంట సంఘ పెద్దలది. బల్ల పంచడానికి తెల్ల చొక్కా వేసుకుని నిలబడేవాళ్ళే ఆ ట్రేలు కడగాలి.

క్రిస్మస్ సంగతి త్వరగా ముగిస్తాను, దీని మీద నాకు కోపం కంటే నవ్వు ఎక్కువ వస్తుంది. డిసెంబరులో మా డెల్టాలో కోతలు. ఊరంతా వరిగడ్డి వాములు. అలాంటి ఊళ్ళో పశువుల పాకకి గుంటూరు నుంచి ప్లాస్టిక్ గడ్డి కొనుక్కొస్తాం. మంచు ఎప్పుడూ చూడని మనం థర్మోకోల్ పూసలు చల్లి మంచు అంటాం. అవి జనవరి దాకా మందిరం మూలమూలల్లో దొర్లి, తర్వాత కాలవలోకి పోతాయి. మా చిన్నప్పుడు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మ. సముద్రం ఒడ్డున బాపట్ల, చీరాల వైపు సరుగుడు తోటలు కాగితం మిల్లుల కోసం ఎలాగూ కొట్టేవే. ఒక కొమ్మ తెచ్చి బకెట్లో ఇసుక పోసి నిలబెడితే మందిరమంతా పచ్చి వాసన. ఇప్పుడు దాని స్థానంలో పెట్టెలో నుంచి మడత విప్పే ప్లాస్టిక్ చెట్టొచ్చింది. ఒకసారి కొంటే పదేళ్ళు వస్తుంది కదా అంటే సరే, నిజంగా పదేళ్ళు వాడితే నాకు అభ్యంతరం లేదు. ఏటా కొత్త రంగు కావాలంటేనే ఇబ్బంది. వెదురు బద్దలకి రంగు కాగితం అంటించిన నక్షత్రం ఇప్పటికీ చేయగలవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు, అడిగేవాళ్ళు లేరు.

వ్యర్థం లేకుండా ఎలా వాడాలో మనకి తెలియక కాదు. కథోలిక గుళ్ళలో ఈస్టరుకి ముందు వచ్చే మట్టలాదివారం నాడు పంచిన మట్టలనే దాచి, మరుసటి ఏడాది ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారానికి కాల్చి, ఆ బూడిదే నుదుట పెడతారు. అంత చక్కటి పద్ధతి ఉన్న గుడి ఆవరణలోనే తిరునాళ్ళకి నీళ్ళ ప్యాకెట్లు కాళ్ళకి అడ్డం పడుతుంటాయి. విజయవాడ గుణదలలో మేరీమాత తిరునాళ్ళకి ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా వచ్చే జనం, క్రిస్మస్‌కి మెదక్ చర్చికి వచ్చే జనం సంగతి వేరు. అది కార్పొరేషన్లు, కలెక్టర్లు దిగాల్సిన పని, ఒక సంఘ కమిటీ వల్ల అయ్యేది కాదు.

ఫ్లెక్సీల గురించి ఒక్క మాట. ఉజ్జీవ సభలకి గుడ్డ బ్యానరు రాయించి, తేదీ, ప్రసంగీకుడి పేరు ఉన్న చోట మాత్రం మార్చుకునేలా పెడితే ఏళ్ళతరబడి వస్తుంది. అడ్డమొచ్చేది ఫొటో. అయ్యగారి ఫొటో, అమ్మగారి ఫొటో, కింద వరసలో కమిటీ ఫొటోలు లేకుండా సభ జరుగుతుందా అన్న దగ్గర చర్చ ఆగిపోతుంది. ఇందులో నాకు పెద్ద ఆశ లేదు.

“ఫ్యాక్టరీలు నదుల్లోకి వదిలేదాని ముందు మన రెండొందల ప్లేట్లు ఎంతమ్మా, ఆత్మల సంగతి చూసుకుందాం” అని అడిగే అన్నలకి నా సమాధానం ఒకటే. ఫ్యాక్టరీ మన మాట వినదు, మన ట్రెజరర్ వింటాడు. ఐదు రొట్టెలు, రెండు చేపలు పంచిన రోజున కూడా అందరూ తిన్నాక మిగిలిన ముక్కలు ఏరమని ప్రభువు చెప్పాడు, పన్నెండు గంపలు నిండాయి. అంత అద్భుతం జరిగాక ముక్కలు ఏరడం చిన్న పని అని శిష్యులు అనుకోలేదు.

ఇక అన్నిటికంటే నాకు ఎక్కువ ఆసక్తి ఉన్న విషయం, ఆకు. కంచాలు కడిగే నీళ్ళు కూడా లేని వేసవిలో, వెయ్యి మంది వచ్చే కన్వెన్షన్లలో స్టీలు పని జరగదు. అక్కడ విస్తరే దారి. తెలంగాణలో మోదుగాకు, మన్యంలో అడ్డాకు. అడ్డ పెద్ద తీగ, అడవి చెట్లని పట్టుకుని పైదాకా పాకుతుంది. ఆకు అరచేతి కంటే వెడల్పు, చివర రెండుగా చీలి ఉంటుంది. పాడేరు, అరకు, రంపచోడవరం వైపు గిరిజన స్త్రీలు దాన్ని కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకి తెస్తారు. సన్నటి వెదురు పుల్లలతో కుట్టిన విస్తరిని వడ్డించే ముందు నీళ్ళు చిలకరించి కాసేపు ఉంచితే ఆకు మెత్తబడి పప్పుచారు కారదు. ఎండు విస్తరి మీద నేరుగా పోస్తే మాత్రం ఒళ్ళోకొస్తుంది, ఆ ఒక్క అనుభవంతో ఆకుల్ని మానేసిన సంఘాలున్నాయి. ఇప్పుడు మిషను మీద అచ్చొత్తిన ఆకు ప్లేట్లు కూడా వస్తున్నాయి. కొనేముందు వెనక్కి తిప్పి గోరుతో గీకి చూడాలి. ఆకుకీ అట్టకీ మధ్య ప్లాస్టిక్ కవరు పెట్టి అంటించినవి చాలా ఉన్నాయి.

ఒక సంఘం రెండొందల విస్తర్లు కొంటే మన్యంలో ఎవరికీ తెలియదు. వంద సంఘాలు కలిసి కొంటే తెలుస్తుంది. దీనికి ఒక మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. మట్టలాదివారానికి అక్కడి చర్చిలు వాడే మట్టల్లో చాలా గ్వాటెమాలా, మెక్సికో అడవుల నుంచి వస్తాయి. అడవిలో కోసేవాళ్ళకి ఎన్ని కోస్తే అంత కూలి కాబట్టి, పనికొచ్చేదీ రానిదీ అన్నీ నరికేసేవాళ్ళు, సగం చెత్తలోకి పోయేవి. 2005లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు, లూథరన్ సంఘాలు కలిసి ఇంకో పద్ధతి మొదలుపెట్టారు. మంచి ఆకు మాత్రమే కోస్తారు. ఏరడం, కట్టలు కట్టడం ఊళ్ళోనే జరుగుతుంది, ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళకి వస్తుంది. చర్చి ప్రతి ఆకుకీ కొన్ని సెంట్లు ఎక్కువ ఇస్తుంది, అది ఆ ఊరికి వెళ్తుంది. కొన్ని వేల ఆకులతో మొదలైంది, తర్వాత ఏడాదికి లక్షల్లోకి పెరిగింది. ఆ చర్చిలు ధర్మం చేయలేదు. ఎలాగూ కొనేదాన్ని, ముందుగా, కలిసి, ఎవరి దగ్గర కొంటున్నామో తెలుసుకుని కొన్నాయి.

ఆ లూథరన్లు మనకి పరాయివాళ్ళు కారు. 1842లో వాళ్ళ మిషనరీ హయ్యర్ గుంటూరులో దిగినప్పటి నుంచీ వాళ్ళ పాటలు, గంటలు, గౌన్లు, కోత పండుగలు మనవయ్యాయి. కొనే పద్ధతి కూడా ఒకటి తెచ్చుకుంటే నష్టం లేదు. మన్యంలో కూడా సంఘాలున్నాయి, అక్కడ ఆకు కోసే చెల్లెళ్ళలో చాలామంది ఆదివారం మనం పాడే పాటలే పాడతారు. వాళ్ళ దగ్గర నుంచి విస్తరి నేరుగా మన విందుకి రావడానికి మధ్యలో కావాల్సింది ఒక లారీ, ఒక బ్యాంకు ఖాతా, ఫోన్ ఎత్తే ఒక మనిషి. గిరిజన కార్పొరేషన్ ఉంది, మహిళా సంఘాలున్నాయి, అడగాలి.

చాలా మండలాల్లో పాస్టర్స్ ఫెలోషిప్ నెలకోసారి కూడుతుంది. డినామినేషన్లన్నీ, అంటే వేర్వేరు క్రైస్తవ శాఖలన్నీ, ఒక బల్ల దగ్గర కూర్చునే చోటు అదొక్కటే. బాప్తిస్మం గురించి అక్కడ ఒక్కమాట మీదికి రారు, విస్తర్ల గురించి రావచ్చు. సెప్టెంబరు మీటింగులో ఏ సంఘానికి క్రిస్మస్‌కి ఎన్ని విస్తర్లు కావాలో ఒక కాగితం మీద రాసుకుని, అడ్వాన్సు వసూలు చేసి, అక్టోబరులో ఆర్డరు పెడితే డిసెంబరు మొదటి వారానికి సరుకు దిగుతుంది. నవంబరుకి వెళ్తే కుదరదు, కార్తీకంలో పెళ్ళిళ్ళవాళ్ళు అప్పటికే చెప్పుకుని ఉంటారు.